గోపాల్‌పూర్ ఉప్పుగాలికి బిగుసుకుపోయిన క్రాంకులు: ఒక కేసు మొత్తం

బండి వివరాలు ముందు చెప్పేస్తా. అల్యూమినియం ఫ్రేమ్ హైబ్రిడ్ సైకిలు, ముందు 48-38-28 పళ్లతో మూడు చక్రాలు, వెనక ఏడు. క్రాంకులు, అంటే పెడళ్లని మోసే చేతులు, రెండూ అల్లాయ్, 170 ఎంఎం పొడవు. లోపల సీల్డ్ కార్ట్రిడ్జ్ బీబీ, అంటే రెండు క్రాంకుల్నీ కలిపే ఇరుసునీ (యాక్సిల్) దాని బేరింగుల్నీ కలిపి మూసేసిన బాటమ్ బ్రాకెట్, దాని యాక్సిల్ చివరలు నలుపలకలుగా కొసకి సన్నబడుతూ ఉంటాయి, స్క్వేర్ టేపర్ అనేది దాన్నే. ఓనరు ఒడిశా తీరంలో గోపాల్‌పూర్‌లో ఉంటున్న రిటైర్డ్ మాష్టారు, మన తెలుగువాళ్లే. ఇల్లు బీచ్‌కి ఎంత దగ్గరంటే వరండాలో పెట్టిన ఇనప కుర్చీకి ఏడాది తిరక్కుండా రంగు లేచిపోతుంది, ఈ సైకిలు కొన్న దగ్గర్నుంచీ ఉన్నది కూడా ఆ వరండాలోనే. నేను బరంపురంలో ఇంటి దగ్గరే గేర్ సైకిళ్లు చూస్తుంటాను, అంచేత ఆటోలో వేయించి పంపించారు.

కంప్లైంటు ఏటంటే తొక్కుతుంటే ప్రతి చుట్టుకీ ఒకసారి కింద టక్‌మంటోంది, ఎక్కు ఎక్కేటప్పుడు మరీ ఎక్కువ. ఇలాంటి శబ్దానికి చాలామంది చైన్‌కి నూనె పోసి ఊరుకుంటారు. ముందు చూడాల్సింది వేరే. రెండు క్రాంకుల్నీ రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ అడ్డంగా ఆడించి చూడండి. రెండూ కలిసి ఒకేలా ఊగితే బీబీ బేరింగు పోయినట్టు. ఒకటే ఊగి రెండోది కదలకపోతే ఆ ఊగేది యాక్సిల్ మీద లూజైనట్టు. ఇక్కడ రెండూ కలిసే ఊగాయి, చైన్ తీసేసి క్రాంకు తిప్పితే లోపల గరగరమని ఇసక నలిగినట్టు చేతికి తెలుస్తోంది. అంటే బీబీ మార్చాలి, బీబీ మార్చాలంటే రెండు క్రాంకులూ ఊడాలి. మామూలుగా ఇది అరగంట పని.

ఇంతకు ముందే ఒక షాపులో చూపించారట, పేరెందుకు లెండి. ఎడమ క్రాంకు అప్పట్లో లూజైతే పానాకి గొట్టం తొడిగి బిగించారట, తర్వాత ఎవరో ఊడదీయబోయి వల్లకాక వదిలేశారు. వాళ్లని పూర్తిగా తప్పుపట్టలేం కూడా, ఎందుకంటే మన వైపు రిపేరుకి వచ్చే బళ్లలో నూటికి తొంభై మామూలు నల్ల సైకిళ్లే, వలలవాళ్లవి, పాలవాళ్లవి, స్కూల్లో తొమ్మిదో తరగతి పిల్లలకి గవర్నమెంటు ఇప్పించేవి. వాటికుండేవి కాటర్ పిన్ను క్రాంకులు. పిన్ను నట్టు వదులు చేసి, పిన్ను కొసతో సమానంగా వచ్చేదాకా వెనక్కి తిప్పి, క్రాంకు కింద నేల దాకా ఆనేలా ఒక ఇనప గొట్టం నిలబెట్టి, పైనుంచి ఒక్క గట్టి దెబ్బ, పిన్ను బయటికి వస్తుంది. కింద గొట్టం లేకుండా కొడితే ఆ దెబ్బంతా బేరింగు గుళ్ల మీద పడుతుందని మన మిస్త్రీలకి బాగా తెలుసు, ఆ పనిలో వాళ్లని మించినోళ్లు లేరు. కానీ అదే చెయ్యి పిన్ను లేని అల్లాయ్ క్రాంకు మీదికి వచ్చేసరికి వెనకనుంచి సుత్తితో కొట్టి ఊడగొట్టాలని చూస్తారు, వస్తే సరే, రాకపోతే ఫ్రేముకి సొట్ట.

ఇది ఎందుకు ఇంతలా బిగుసుకుపోతుందో చెప్పకుండా ముందుకెళ్తే లాభం లేదు. యాక్సిల్ ఉక్కు, క్రాంకు అల్యూమినియం. రెండు వేరు వేరు లోహాలు ఒకదానికొకటి ఆనుకుని మధ్యలో ఉప్పు తడి చేరిందంటే అది చిన్న బ్యాటరీయే, అందులో తినబడేది ఎప్పుడూ అల్యూమినియమే. తినబడి ఊరుకోదు, తెల్లటి పొడిగా మారుతుంది, ఆ పొడికి అసలు లోహం కంటే ఎక్కువ చోటు కావాలి, చోటు లేనిచోట పుట్టింది కాబట్టి క్రాంకుని యాక్సిల్‌కి ఇంకా గట్టిగా అదుముతుంది. అంటే బోల్టు బిగింపు ఒకటి, తుప్పు బిగింపు ఇంకోటి. బోల్టు తీస్తే మొదటిది పోతుంది, రెండోది అలాగే ఉంటుంది. ఊరు లోపలి బళ్లకీ గోపాల్‌పూర్ బళ్లకీ తేడా ఇక్కడే.

సరే, పని. క్రాంకు ఊడదీసే ముందే పెడళ్లు తీసేయండి, క్రాంకు బండి మీద ఉన్నప్పుడే పట్టు దొరుకుతుంది, ఊడొచ్చాక చేతిలో పట్టుకుని పెడల్ విప్పడం నరకం. కుడి పెడల్ మామూలు మర, ఎడమ పెడల్ ఎదురు మర, ఈ సంగతి అందరికీ తెలిసిందే. కానీ దీన్నే గుర్తుపెట్టుకుని ఎడమ క్రాంకు బోల్టు కూడా ఎదురు మరే అనుకుని ఇంకా బిగించేసేవాళ్లని చూశాను. కాదు. క్రాంకు బోల్టులు రెండు పక్కలా మామూలు మరే, గడియారం ముల్లుకి ఎదురుగా తిప్పితే వదులవుతాయి. చైన్‌ని ముందే పెద్ద చక్రం మీదికి ఎక్కించి పెట్టుకోండి, పానా జారితే చెయ్యి వెళ్లి ఆ పళ్ల మీదే పడుతుంది మరి.

ప్లాస్టిక్ మూత గోరుతో లేవలేదు, సన్న స్క్రూడ్రైవరుతో లేపాను. లోపల 14 ఎంఎం తలకాయ బోల్టు, దానికి పల్చగా ఉన్న బాక్సు సాకెట్ కావాలి, మందం గోడలున్న సాకెట్ ఆ గుంతలో దూరదు. రెండు బోల్టులూ పెద్దగా ఏడిపించకుండానే వచ్చాయి. తీశాక టార్చి వేసి గుంతలోకి చూడటం తప్పనిసరి, ఎందుకంటే కొన్నిటికి బోల్టు కింద వాషర్ విడిగా ఉంటుంది, అది లోపలే అతుక్కుని ఉండిపోతే క్రాంకుని లాగే పుల్లర్ వెళ్లి యాక్సిల్‌కి బదులు ఆ వాషర్‌ని నొక్కుతుంది, అదేమో క్రాంకు మీదే కూర్చుని ఉంది, ఇంక జన్మలో రాదు. కుడిపక్క వాషర్ ఉంది, తుప్పుతో గుంత రంగులో కలిసిపోయి కనబడనే లేదు, వంకర సూదితో గీకితే అంచు తగిలింది.

పుల్లర్ గురించి. స్క్వేర్ టేపర్‌కి వాడే క్రాంకు పుల్లర్ ఆన్‌లైన్లో మూడు నాలుగొందలకి దొరుకుతుంది, దానికి రెండు భాగాలు. బయటి బాడీ 22 ఎంఎం మరతో క్రాంకులోకి బిగుస్తుంది, లోపలి స్క్రూ యాక్సిల్ కొసని తోస్తుంది. యాక్సిల్ కదలదు కాబట్టి క్రాంకే వెనక్కి రావాలి. వినడానికి తేలికే, కానీ ఆ తోపుడు బలమంతా పడేది క్రాంకులో ఉన్న ఏడెనిమిది మెత్తటి అల్యూమినియం మరల మీద. పుల్లర్ ఉక్కు, యాక్సిల్ ఉక్కు, మధ్యలో ఇది ఒక్కటే మెత్తనిది, పోతే ఇదే పోతుంది. పుల్లర్‌ని నాలుగు మరలు ఎక్కించి చాల్లే అనుకుని లోపలి స్క్రూ తిప్పడం మొదలెట్టినవాళ్లందరికీ మరలు కోసుకుపోయి, పుల్లర్ చుట్టూ అల్యూమినియం తీగలు చుట్టుకుని బయటికి వచ్చేస్తుంది. ఇంకో మాట, కొసన చిన్న ముక్కున్న పుల్లర్ స్క్వేర్ టేపర్‌కి, ఆక్టాలింక్ లాంటి గాడుల యాక్సిల్‌కి పెద్ద ముక్కు కావాలి. చిన్నది పెట్టి తిప్పితే అది బోల్టు బెజ్జంలోకే దిగిపోతుంది.

కుడిపక్క ముందు పట్టుకున్నాను. పాత పళ్ల బ్రష్షుతో కిరసనాయిలు పెట్టి మరలన్నీ కడిగి, సూదితో గాడి గాడీ గీకి, తుడిచి, పుల్లర్ మరకి గ్రీజు రాసి, లోపలి స్క్రూని పూర్తిగా వెనక్కి తీసేసి అప్పుడు చేత్తో ఎక్కించాను. చేత్తోనే వెళ్లాలి. మొదట్లోనే పానా అడుగుతోందంటే మర అడ్డంగా ఎక్కుతోందని అర్థం, వెనక్కి తీసి మళ్లీ పెట్టాలి. చివరి వరకూ చేత్తో వెళ్లాక పానాతో కాస్త బిగించి, పుల్లర్ అంచుకీ క్రాంకు ముఖానికీ మధ్య సందుని వెర్నియర్‌తో కొలిచి టేపు ముక్క మీద రాసి ఫ్రేముకి అంటించాను. ఇది నేను ప్రతి మొండి కేసులో చేస్తాను. లోపలి స్క్రూ తిప్పుతుంటే ఆ సందు పెరుగుతోందంటే పుల్లర్ బయటికి వస్తోందనీ, మరలు తెగుతున్నాయనీ అర్థం, వెంటనే ఆపాలి. సందు అలాగే ఉండి స్క్రూ బిగుస్తోందంటే బలం వెళ్లాల్సిన చోటికే వెళ్తోంది. కంటికి ఈ తేడా తెలీదు, కొలిస్తేనే తెలుస్తుంది.

స్క్రూ ఒక స్థాయికి వచ్చి ఆగిపోయింది. మామూలు పానాతో, గొట్టం లేకుండా, ఒంటి చేత్తో గట్టిగా లాగితే ఎంతో అంత, అక్కడితో నేను ఆపేస్తాను, ఆ బిగువు అలాగే ఉంచేస్తాను. అప్పుడు వెనకవైపు నుంచి, క్రాంకు యాక్సిల్‌ని కలిసే సందులో నూనె. డబ్ల్యూడీ-40 చాలామంది ఇళ్లలో ఉంటుంది, పర్లేదు గానీ ఇలాంటి తుప్పుకి నా చేతికి బాగా పనిచేసింది అసిటోనూ ఆటోమేటిక్ గేరు ఆయిలూ సమపాళ్లలో కలిపినది. అవి రెండూ కలవవు, విడిపోతుంటాయి, చుక్క వేసే ప్రతిసారీ సీసా ఊపాలి. బండిని పక్కకి పడుకోబెట్టి చుక్క చుక్కగా వేసి రాత్రంతా వదిలేశాను.

పొద్దున్న వేడి. అసిటోన్ ఊరికే అంటుకుంటుంది కాబట్టి ముందు మొత్తం గుడ్డతో తుడిచి, ఆరబెట్టి, సీసాని వేరే గదిలో పెట్టి అప్పుడే వేడి దగ్గరికి వెళ్లాలి, మంట మాత్రం అసలు వద్దు, బ్లో ల్యాంపు పెడితే క్రాంకు బలం కూడా పోతుంది. నా దగ్గర శ్రింక్ స్లీవులకి వాడే హీట్ గన్ ఉంది. అది లేనివాళ్లు మరిగే నీళ్లలో ముంచిన గుడ్డ చుట్టినా సరే, బీబీలోకి నీళ్లు పోతాయన్న బెంగ అక్కర్లేదు, అదెలాగూ పారేసేదే. క్రాంకు మొదలు మీద నీటిచుక్క వేస్తే చుయ్‌మని ఆరిపోయేదాకా వేడి చేస్తే చాలు. ఎంత లాభం అంటారా, లెక్క చూడండి. అల్యూమినియం మీటరు పొడవుకి ఒక్కో డిగ్రీకి సుమారు 23 మైక్రాన్లు సాగుతుంది, ఉక్కు 12. టేపర్ దగ్గర వెడల్పు ఇంచుమించు 13 ఎంఎం, వేడి 80 డిగ్రీలు పెంచితే రెండింటికీ వచ్చే తేడా మిల్లీమీటరులో వందో వంతు. ఇంతేనా అనిపిస్తుంది గానీ టేపర్ వాలు ఒక్కో పక్క 2 డిగ్రీలే, ఆ వందో వంతునే యాక్సిల్ పొడవునా చూస్తే 0.16 ఎంఎం దాకా వెనక్కి జరిగినంత వదులు. పైగా యాక్సిల్ వేడెక్కే లోపు క్రాంకు ముందు వేడెక్కుతుంది కాబట్టి అసలు లాభం ఇంకా ఎక్కువే.

వేడి మీదే చెక్కముక్క అడ్డం పెట్టి క్రాంకు మొదలుకి పక్కనుంచి నాలుగు మాదిరి దెబ్బలు, తర్వాత స్క్రూ ఇంకో అరచుట్టు. టంగ్‌మని ఒక చప్పుడు, పానా ఒక్కసారిగా తేలికైపోయింది. ఆ చప్పుడు కొత్తగా వినేవాళ్లకి ఏదో విరిగిందేమో అనిపిస్తుంది, కాదు, వదిలిందన్నమాట. వెర్నియర్ పెడితే సందు రాసుకున్నదే ఉంది, మరలన్నీ భద్రం. ఈ క్రాంకు మళ్లీ వాడుకోవచ్చు, కుడివైపు క్రాంకు అంటే మూడు చక్రాలతో కలిపి వస్తుంది, ఖరీదైనది అదే కాబట్టి దీన్ని కాపాడటమే సగం పని.

ఎడమపక్క కథ వేరు. మూత తీసి టార్చి వేస్తే బయటి మూడు మరలు లేనే లేవు, తెల్లగా మెరుస్తూ నున్నగా ఉంది, లోపలి మరలు కూడా కొన్ని ఒక పక్కకి వాలిపోయి ఉన్నాయి. పుల్లర్ చేత్తో పెడితే లోపలెక్కడో పట్టింది గానీ ఊపితే ఊగుతోంది. ఇందులో పుల్లర్ బిగించి స్క్రూ తిప్పితే మిగిలిన మరలు కూడా పోతాయి, క్రాంకు మాత్రం రాదు. అంచేత ఈ క్రాంకు ఇంక తుక్కేనని అక్కడే తేల్చుకుని మాష్టారికి ఫోన్ చేసి చెప్పాను, ఎడమ క్రాంకు ఒక్కటీ విడిగా దొరుకుతుంది, పెద్ద ఖరీదు కాదు అని. “ఏం చేస్తావో చెయ్యి బాబూ, ఫ్రేముకి మాత్రం దెబ్బ తగలనీకు” అన్నారు. తుక్కు అని ముందే ఒప్పుకోవడం వల్ల దారులు చాలా తెరుచుకుంటాయి, క్రాంకుని కాపాడాల్సిన పని లేదు, యాక్సిల్‌ని కూడా కాపాడక్కర్లేదు, కాపాడాల్సింది బీబీ కూర్చునే ఫ్రేము గొట్టం, అంటే షెల్లూ, దాన్నుంచి వెనక చక్రం దాకా వెళ్లే గొట్టాలు, అంటే చైన్ స్టేలే.

మొదటి దారి బోల్టు వదులుగా పెట్టి తొక్కడం. బోల్టుని పూర్తిగా తీసేయకుండా రెండు చుట్లు వెనక్కి తిప్పి, పెడల్ పెట్టి, కాస్త ఎక్కు ఉన్న రోడ్డు మీద లేచి నిలబడి తొక్కితే చాలా క్రాంకులు తమంతట తామే వదులవుతాయి. బోల్టు ఉండాలి, లేకపోతే క్రాంకు ఒక్కసారిగా ఊడి మనిషి పడతాడు. ఇలా తొక్కితే నలుపలకల బెజ్జం నలిగి ఆ క్రాంకు తర్వాత పనికిరాదు, అందుకే మంచి క్రాంకుకి ఈ పని చెయ్యకూడదు. కుడి క్రాంకు తాత్కాలికంగా మళ్లీ ఎక్కించి నేనే తొక్కాను, ట్రాఫిక్ లేని సందులో, హెల్మెట్ పెట్టుకుని. రాలేదు. మామూలు బండైతే వచ్చేసేది, ఇది ఉప్పు పట్టిన బండి.

రెండో దారి బేరింగ్ పుల్లర్. సైకిల్ షాపుల్లో ఉండదు, మోటారు వైండింగ్ షాపులో ఖచ్చితంగా ఉంటుంది, పంపు మోటార్ల బేరింగులు వాళ్లు రోజూ లాగుతూనే ఉంటారు కదా. మా వీధి చివర షాపు కుర్రాడు సగం ఒడియా సగం తెలుగు, “హెబొ, హెబొ, సాయంత్రానికి ఇచ్చేయండి అన్నా” అని రెండు కొక్కేలది చిన్నది తీసిచ్చాడు. ఎడమపక్క చక్రాలు అడ్డం లేవు కాబట్టి కొక్కేలు క్రాంకు వెనక్కి బానే దూరాయి, ఒకటి మాత్రం బీబీని షెల్లులో పట్టి ఉంచే కప్పుకి తగులుతుంటే సన్నంగా ఉన్న కొసని లోపలికి తిప్పి పెట్టాల్సొచ్చింది. యాక్సిల్ బెజ్జంలో పుల్లర్ ములికి నేరుగా పెట్టకుండా పాత బోల్టునే వెనక్కి ఎక్కించాను, దాని అంచుకీ క్రాంకు లోపలి గట్టుకీ మధ్య మూడు నాలుగు మిల్లీమీటర్ల ఖాళీ వదిలి. ములికి ఆ బోల్టు తల మీద నిలబడుతుంది, క్రాంకు వెనక్కి జరగడానికి ఆ ఖాళీ సరిపోతుంది, ఊడినా బోల్టు తల అడ్డం ఉంటుంది కాబట్టి ఎగిరి మొహం మీదికి రాదు. ఈ ఖాళీ వదలకపోతే ఎంత లాగినా రాదు, బోల్టే క్రాంకుని పట్టుకుని ఉంటుంది మరి.

కొక్కేలు జారకుండా రెండింటినీ కలిపి సైకిల్ ట్యూబు ముక్కతో గట్టిగా చుట్టి, చైన్ స్టే మీద మందం గుడ్డ చుట్టి, బిగువు ఇచ్చాను. మళ్లీ వేడి, ఈసారి తక్కువ తక్కువగా, ఎందుకంటే ఎడమ కప్పు ప్లాస్టిక్‌ది, చవక కార్ట్రిడ్జ్‌ల్లో అలాగే ఉంటుంది, అది కరిగి షెల్లు మరల్లో అంటుకుపోతే ఇంకో కేసు తయారవుతుంది. తడిగుడ్డ కప్పు మీద వేసి క్రాంకుకి మాత్రమే వేడి తగిలేలా చూశాను. పక్కన ఒక దెబ్బ, ములికి పావు చుట్టు, మళ్లీ దెబ్బ, మళ్లీ పావు. చప్పుడు కూడా లేదు, పంటి చిగురులోంచి వదులు పన్ను జారినట్టు మెల్లగా కదిలి వచ్చేసింది.

ఇది కూడా రాకపోతే మూడోది ఉంది, చెప్పి వదిలేస్తా. హ్యాక్‌సా బ్లేడుతో క్రాంకు మొదలుని ఒక పక్కనుంచి నలుపలకల బెజ్జం దాకా కోసి, ఆ కోతలో ఉలి పెట్టి కొడితే విచ్చుకుంటుంది. యాక్సిల్‌కి బ్లేడు తగిలినా ఫర్వాలేదు, ఎలాగూ మార్చేదే. చెయ్యి నొప్పి తప్ప ఖర్చు లేదు, ఫ్రేముకి దెబ్బ లేదు. యాంగిల్ గ్రైండరుతో చేస్తామంటారు కొందరు, నాకు ఇష్టం ఉండదు, చైన్ స్టేకి అంత దగ్గర్లో అది జారితే ఫ్రేమే పోతుంది.

ఊడిన క్రాంకు లోపల చూస్తే అసలు కారణం కళ్లముందే ఉంది. నాలుగు పలకల్లో మూడింటి మీద పిండిలా తెల్లపొడి గట్టిపడి ఉంది, వేలితో రాస్తే రాలదు, స్క్రూడ్రైవరుతో గీకితే పెచ్చులుగా లేస్తోంది. నాలుగో పలక మీద పొడి లేదు, నున్నగా మెరుస్తోంది, ఒక మూల మాత్రం యాక్సిల్ అంచు కొరికిన గాటు. అంటే ఒకప్పుడు లూజుగా ఉండగా కొన్నాళ్లు తొక్కారు, బెజ్జం సాగింది, తర్వాత గొట్టం వేసి బిగించడంతో సాగిన బెజ్జంలో ఒక మూల మీదే బలమంతా పడింది, మిగతా సందుల్లో ఉప్పు తడి దూరింది. లూజైన రోజే క్రాంకు మార్చి ఉంటే ఇదంతా ఉండేది కాదు, నలిగిన బెజ్జం ఎంత బిగించినా మళ్లీ లూజవుతుంది.

బీబీ తీయడం పెద్ద కథేం కాదు. 68 ఎంఎం ఇంగ్లీషు షెల్లు, 1.37 అంగుళాల వ్యాసం, అంగుళానికి 24 మరలది. కుడి కప్పు ఎదురు మర, గడియారం ముల్లు దిశలో తిప్పితే వదులవుతుంది, ఎడమది మామూలు. కార్ట్రిడ్జ్ మీద 68, 122.5 అని అచ్చు వేసి ఉంది, రెండో అంకె యాక్సిల్ పొడవు, కొత్తది కూడా అదే తెప్పించాలి, తేడా వస్తే చైన్ లైను పక్కకి పోయి ముందు గేర్లు సరిగ్గా పడవు. షెల్లు లోపల గుప్పెడు ఎర్రమట్టి నీళ్లు, కింద డ్రెయిన్ బెజ్జం గ్రీజుతో మూసుకుపోయి ఉంది, సూదితో తెరిచాను.

కొత్తవి బిగించేటప్పుడు టేపర్ మీద గ్రీజు రాయాలా వద్దా అని పెద్ద వాదనే ఉంది. రాస్తే క్రాంకు ఉండాల్సిన దానికంటే లోపలికి ఎక్కిపోతుందని వద్దనేవాళ్లు అంటారు, అది నిజమే, కానీ అది ఎక్కువ బిగిస్తేనే. గోపాల్‌పూర్ బండికి నేను పల్చగా, వేలితో పూసి మళ్లీ గుడ్డతో తుడిచేసినంత పల్చగా రాస్తాను, ఉప్పు తడి చేరకుండా ఆ పొర చాలు. బోల్టు మరకీ, దాని తల కిందా కూడా గ్రీజు. బిగింపు 40 న్యూటన్ మీటర్ల దగ్గర, టార్క్ పానా లేనివాళ్లు 20 సెంటీమీటర్ల పానా చివర 20 కిలోల బరువు పెట్టినంత అనుకోండి, ఇంచుమించు అంతే వస్తుంది.

వారం తొక్కాక తీసుకురమ్మన్నాను. మాష్టారు బీచ్ రోడ్డు మీద తిరిగి వచ్చాక చూస్తే ఎడమ బోల్టు కాస్త తిరిగింది, కుడిది కదల్లేదు. అదే టార్కు పెట్టి ఆపేశాను. కొత్త క్రాంకు టేపర్ మీద సర్దుకోవడానికి ఒకసారి ఇలా చూస్తే చాలు, చప్పుడు వచ్చినప్పుడల్లా ఇంకాస్త బిగిద్దాం అని ప్రతి నెలా పానా పెడితే ప్రతిసారీ క్రాంకు ఇంకొంచెం పైకెక్కి ఒకరోజు మొదట్లో చీలుతుంది. 14 సాకెట్ తన దగ్గరే ఉంచుకుంటానన్నారు మాష్టారు, నేను ఇవ్వలేదు.